ఏరిపారేసే గడ్డే... ఏరికోరి తెచ్చుకుంటే!

ఎటుచూసినా పచ్చదనమే ఉన్న కోనసీమలో గడ్డిని డబ్బు పెట్టి కొనడమా... అని పెద్దవాళ్లు నవ్వుతారు. తెచ్చి వేసిన పచ్చిక ఒక్క వానాకాలం కూడా దాటకపోతే ఆ నవ్వు ఇంకాస్త పెరుగుతుంది. నిజానికి ఇంటి ముందు అందమైన గడ్డి పెంచడం పెద్ద విద్యేం కాదు. ఏ చోటికి ఏ గడ్డి నప్పుతుందో తెలియాలి. నీళ్లు పోసే ముందు, ఆ నీళ్లు పోయే దారి చూడాలి. అంతే!

సంక్రాంతి ఇంకో నెలరోజులుందనగా రాజమండ్రి నుంచి రావులపాలెం వచ్చే హైవే మీద కాసేపు నిలబడి చూడండి. కడియపులంక నర్సరీల నుంచి బయల్దేరిన ఆటోలూ ట్రాలీలూ వరసగా కనిపిస్తాయి. బంతి, చామంతి కుండీల పక్కనే తడి గోనెపట్టా కప్పిన పచ్చటి చాపలు. జొన్నాడ దాటి, గౌతమి మీద వంతెన ఎక్కి కోనసీమలో అడుగుపెడతాయవి. కొన్ని కొత్తపేట వైపు, కొన్ని అమలాపురం వైపు, ఇంకొన్ని రాజోలు దాకా. పండక్కి పిల్లలొచ్చేసరికి ఇంటి ముందు పచ్చగా ఉండాలి మరి!

మా ఇంటికీ ఓ ఏడాది అలాగే వచ్చాయి ఆ చాపలు. కొరియన్ గ్రాస్. పట్టుకుంటే పట్టుపరుపులా మెత్తగా ఉంది. అరుగు మీద కూర్చున్న మామ్మ మాత్రం బుగ్గన వేలేసుకుంది.

‘‘ఇదేంట్రా! జీవితమంతా చేలో కూలీలను పెట్టి పీకించిన గడ్డిని నువ్వు డబ్బులిచ్చి కొనుక్కొచ్చావా?’’

అందరం నవ్వేశాం. పండక్కి వాకిలి నిజంగానే వెలిగిపోయింది. వేసవిలో పొద్దున్నా సాయంత్రం నీళ్లు పెట్టాం. బాగానే ఉంది. వానలు మొదలయ్యాకే అసలు కథ మొదలైంది. మొదట గేటు పక్కన పల్లంగా ఉన్నచోట పసుపు రంగుకు తిరిగింది. తర్వాత కొబ్బరిచెట్ల కింద పలచబడింది. నీళ్లు చాలలేదేమోనని ఇంకాస్త పెట్టాం. బలం లేదేమోనని గుప్పెడు యూరియా చల్లాం. శ్రావణమాసం వెళ్లేసరికి సగానికి సగం నల్లబడిపోయింది. ఓ చోట చేత్తో లాగితే చాప మొత్తం ఊడొచ్చింది. కింద వేళ్లు లేవు, కుళ్లువాసన తప్ప.

‘‘ఇంక చాల్లే. మొత్తం పార్కింగ్ టైల్స్ వేయించేద్దాం’’ అన్నారు నాన్న.

చాలా ఇళ్లలో కథ ఇక్కడే ముగుస్తుంది. గడ్డి పోయాక ఆ స్థానంలోకి వచ్చేది సిమెంటే. ఆ తర్వాత ఎండాకాలంలో వాకిట్లో కాలు పెట్టలేం. వానాకాలంలో చుక్క నీరు భూమిలోకి ఇంకదు. అందుకే ఆ గడ్డి ఎందుకు చచ్చిపోయిందో తెలుసుకోవాలనిపించింది. తెలిశాక సిగ్గేసింది కూడా. దాన్ని చంపింది వానా కాదు, ఎండా కాదు... మేమే!

అన్నం పెట్టేదీ గడ్డే

ముందు గడ్డంటే ఏంటో చూద్దాం. వరి, చెరకు, జొన్న, మొక్కజొన్న, వెదురు... ఇవన్నీ గడ్డి కుటుంబానివే. అంటే మనం రోజూ తినే అన్నం ఓ గడ్డి గింజ, పండక్కి అరిసెల్లో వేసే బెల్లం ఇంకో గడ్డి రసం! రెండో తరగతి పిల్లాడికి చెబితే నమ్మడు కానీ ముమ్మాటికీ నిజం.

గడ్డికి ఓ ప్రత్యేకత ఉంది. అది కోనసీమ వాళ్లకు చెప్పడం చాలా తేలిక. కొబ్బరిచెట్టుకు ప్రాణం నెత్తిమీద, మొవ్వులో ఉంటుంది. మొవ్వు కుళ్లిందంటే చెట్టు పోయినట్టే. గడ్డికి సరిగ్గా దీనికి వ్యతిరేకం. దాని మొవ్వు మట్టిని అంటిపెట్టుకుని అడుగున ఉంటుంది. పైన ఆవు మేసినా, కత్తెరతో కత్తిరించినా, కాళ్లతో తొక్కినా మళ్లీ చిగురేస్తుంది. అదే అడుగున పదిరోజులు నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే ఎంత ఖరీదైన గడ్డయినా ఊపిరాడక కుళ్లిపోతుంది. వేళ్లకూ గాలి కావాలి కదా!

వరి నీళ్లలోనే పెరుగుతుంది కదా అంటారా? వరి సంగతి వేరు. దాని కాడల లోపల గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. వాటిగుండా గాలి పైనుంచి వేళ్ల దాకా దిగుతుంది. కొరియన్ గ్రాస్‌కు అంత ఏర్పాటు లేదు. వరిచేను పక్కనే ఉన్నాం కదా అని పచ్చికకూ అదే వైద్యం చేస్తే మా ఇంట్లో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది.

గుంత తీస్తే గుట్టు తెలుస్తుంది

గౌతమి, వసిష్ఠల మధ్య గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద నిలబడ్డ నేల మనది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చాయి. అన్నపూర్ణ అయింది. ఆ పుణ్యమే ఇంటి తోటకు ఓ చిక్కు కూడా తెచ్చింది. వానాకాలంలో చాలాచోట్ల అడుగు, రెండడుగులు తవ్వగానే నీళ్లు ఊరతాయి. జిగట మట్టి అయితే వాన నీరు దిగదు, దిగినా పోదు.

అందుకే గడ్డి కొనడానికి కడియం వెళ్లేముందు వాకిట్లో చిన్న పరీక్ష చేయండి. పైసా ఖర్చు లేదు. గునపంతో అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీయండి. నిండా నీళ్లు పోసి ఇంకిపోనివ్వండి. మళ్లీ నింపి, గంట తర్వాత చూడండి. నీటిమట్టం అంగుళం కన్నా ఎక్కువ దిగితే ఫర్వాలేదు. అంగుళం కూడా దిగలేదంటే... అక్కడ గడ్డి వేసే ముందు నేలను బాగుచేసుకోవాలని అర్థం. ఇక వానాకాలంలో మీరు పోయకుండానే గుంతలో నీళ్లు ఊరితే చెప్పేదేముంది, ఆ చోటు పల్లమన్నమాట.

బాగుచేయడమంటే కోనసీమ రైతుకు పుట్టుకతో తెలిసిన పనే. మెరక చేయడం, బోదె తీయడం! కొబ్బరితోటకు చేసేదే చిన్నగా వాకిట్లో చేయాలి. గడ్డి వేసే జాగాను చుట్టూ ఉన్న నేలకన్నా ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు ఎత్తు చేయాలి. ఇంటి గోడ వైపు నుంచి బయటికి కాస్త వాలు ఉండాలి. చివర జానెడు లోతు బోదె తీసి వీధి కాలువలోకో, పెరట్లో అరటి పాదుల్లోకో వదలాలి. వాన నీరు గడ్డి మీద ఆగకుండా జారిపోతే సగం పని అయిపోయినట్టే.

చాలామంది జిగట మట్టిలో నాలుగు తట్టల ఇసుక కలిపేస్తే గుల్లబారుతుందనుకుంటారు. కొంచెం ఇసుకతో పని జరగదు సరికదా, ఎండాకాలంలో ఇటుకలా గట్టిపడుతుంది. దానికన్నా బాగా చివికిన పశువుల గెత్తం మేలు. కొబ్బరి పొట్టు కూడా మనకు కావలసినంత దొరుకుతుంది. కాకపోతే తాజాది వేయకూడదు. అందులో ఉప్పు, వగరు ఎక్కువ. కుళ్లే క్రమంలో మట్టిలోని నత్రజనిని కూడా లాగేసుకుంటుంది. రెండుమూడుసార్లు నీళ్లతో కడిగి, గెత్తంతో కలిపి నెలల తరబడి మాగబెట్టి, నల్లగా పొడిపొడిగా అయ్యాకే మట్టిలో కలపాలి. అప్పుడది నిజంగా బంగారం.

ఎక్కడ ఏది?

నేల సిద్ధమైంది. మరి ఏ గడ్డి వేయాలి? నర్సరీకి వెళ్లి ‘మంచి గడ్డి ఇవ్వండి’ అనడం, బట్టల కొట్టుకు వెళ్లి ‘మంచి చొక్కా ఇవ్వండి’ అనడం లాంటిదే. కొలతలు మనమే చెప్పాలి. ఎండ ఎంతసేపు పడుతుంది, నీళ్లు నిలుస్తాయా, పిల్లలు ఆడతారా, సముద్రం దగ్గరా... ఈ నాలుగూ ముందే రాసుకు వెళ్లండి.

రోజూ ఆరు గంటలు ఎండ పడే వాకిలైతే: కొరియన్ గ్రాస్ వేసుకోవచ్చు. సన్నటి ఆకులు, నిదానంగా పెరుగుతుంది కాబట్టి తరచూ కత్తిరించే పని లేదు. సన్నరకం అయితే కొన్నాళ్లకు మెత్తలు పరిచినట్టు ఉబ్బెత్తుగా తయారవుతుంది. అదీ ఓ అందమే. కానీ నీళ్లు నిలిస్తే మాత్రం తట్టుకోదు. పిల్లలు క్రికెట్ ఆడే వాకిలైతే బెర్ముడా రకాలు మేలు. బెర్ముడా అంటే మరేదో అనుకునేరు... మన గరికే! పొలం గట్టు మీది గరికకు పట్నం చదువు చెప్పించి, ఆకు సన్నబడేలా ఎంపిక చేసిన రకాలు. తొక్కినా, ఎండినా మళ్లీ లేస్తుంది. ఉప్పునూ బాగా ఓర్చుకుంటుంది. నీడను మాత్రం అస్సలు భరించలేదు.

కొబ్బరి, మామిడి చెట్ల నీడైతే: సన్నరకాల జోలికి వెళ్లొద్దు. కార్పెట్ గ్రాస్, బఫెలో గ్రాస్ అంటూ అమ్మే వెడల్పాటి ఆకుల రకాలు చూడండి. ఇవి నీడనూ తేమనూ కొంత తట్టుకుంటాయి. ఒక్కో నర్సరీలో ఒక్కో పేరు చెబుతారు కాబట్టి పేరు కన్నా ఆకు చూసి కొనడం మంచిది. వెడల్పు ఆకు సాధారణంగా నీడకు, సన్న ఆకు ఎండకు అని గుర్తుపెట్టుకుంటే చాలు. మరీ చీకటిగా ఉండే పోర్టికో పక్కన అయితే మోండో గ్రాస్ పెట్టుకోవచ్చు. పేరులో గడ్డి ఉన్నా ఇది గడ్డి కాదు, పిల్లిపీచర కుటుంబానికి చెందినది. దీన్ని కత్తిరించే పని కూడా లేదు.

నీళ్లు నిలిచే మూలైతే: నేలతో పోరాడకండి. నీళ్లంటే ఇష్టపడే మొక్కనే తెచ్చి పెట్టండి. నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అంటారు, కాడ చివర గొడుగు ఊచల్లా ఆకులు విచ్చుకుంటాయి. ఇది పామూ కాదు, గడ్డీ కాదు... మన చేలో తుంగకు చుట్టం. ఈజిప్టువాళ్లు ఒకప్పుడు కాగితంలా వాడుకున్న పాపిరస్ కూడా ఈ వంశమే. బావి పక్కన, పంపు దగ్గర పెడితే వాడిన నీళ్లతోనే బతికేస్తుంది. ఒక్క కాడ కత్తిరించి, గొడుగును తలకిందులుగా నీళ్ల గ్లాసులో ముంచి ఉంచండి. కొన్ని వారాల్లో అక్కడే వేళ్లు, పిలకలు వస్తాయి. పిల్లలకు సెలవుల్లో మంచి సరదా!

చెరువు గట్టు, కాలువ గట్టు కోసుకుపోతుంటే: వట్టివేరును మించింది లేదు. పైన నాలుగైదడుగుల ఎత్తు పచ్చటి పొద. కింద పక్కలకు పాకకుండా నిలువుగా దిగే వేళ్లు. నేల అనుకూలిస్తే పది అడుగుల దాకా వెళతాయి. కర్ణాటకలో మైసూరు వైపు రైతులు ఎప్పటినుంచో దీన్ని పొలం హద్దులుగా నాటుకునేవారు. 1980ల్లో ప్రపంచ బ్యాంకు నిపుణులు నేలకోతను ఆపడానికి మన దేశంలోనే దీన్ని ప్రచారంలోకి తెచ్చారు, అక్కడి నుంచి ఎన్నో దేశాలకు పాకింది. వేసవిలో తడకలు కట్టుకునే మన వట్టివేరే గట్టును కూడా కాపాడుతుందన్నమాట. నీళ్లు కొన్నాళ్లు నిలిచినా బతుకుతుంది. జానెడు దూరంలో వరసగా నాటితే కంచెలా అల్లుకుంటుంది.

సముద్రం పక్కనైతే: అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో నీళ్లు నిలిచే బెడద తక్కువ, ఉప్పు బెడద ఎక్కువ. అక్కడ గరిక రకాలు, బఫెలో గ్రాస్ నయం. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాన నీటిని తొట్టిలో పట్టి పెట్టుకుని వాడుకోండి. వానాకాలంలో మంచి వర్షాలు పడితే మట్టిలోని ఉప్పు చాలావరకు కిందికి దిగిపోతుంది. అందుకే ఇక్కడ గడ్డి నాటడానికి తొలకరి తర్వాతే మంచిది.

జాగా లేదు, కుండీలే దిక్కైతే: నిమ్మగడ్డిని మించిన అందం, లాభం ఇంకోటి లేవు. టీలో రెండు ఆకులు తుంచి వేసుకోవచ్చు. పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్ అయితే ఊదారంగు ఆకులతో, నక్కతోకల్లాంటి వెన్నులతో గాలికి ఊగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. రెండిటికీ ఎండ కావాలి, కుండీ అడుగున పెద్ద చిల్లు ఉండాలి. చిల్లు మీద కొబ్బరి పీచు ఓ గుప్పెడు వేస్తే మట్టి కొట్టుకుపోదు, నీళ్లు ఆగవు. ఏడాదికోసారి దుబ్బును తీసి కత్తితో మూడు నాలుగు ముక్కలు చేసి మళ్లీ నాటుకోవాలి. లేదంటే మధ్యలో ఎండిపోయి చుట్టూ మాత్రమే పచ్చగా ఉంటుంది.

చాపా? పాదా?

పండగ వారంలో ఉందంటే చాపలే గతి. తొందర లేకపోతే దుబ్బులు విడదీసి నాలుగైదు అంగుళాలకొకటి నాటుకోవడం చవక. మూడు నాలుగు నెలల్లో నేలంతా కప్పేస్తుంది. పైగా అక్కడే వేళ్లూనుకుంటుంది కాబట్టి గట్టిగా ఉంటుంది.

చాపలు కొనేటప్పుడు ఓ మూల ఎత్తి అడుగున చూడండి. తెల్లటి వేళ్లు కనిపించాలి. గోధుమరంగులోకి మారి వాసన వస్తుంటే వద్దు. తుంగ మొలకలు ఉన్నాయేమో వెతకండి. తెచ్చినరోజే పరచాలి. చుట్టి ఉంచితే లోపల వేడెక్కి పసుపెక్కిపోతుంది. నేలను తడిపి, చాపలను ఇటుకలు పేర్చినట్టు అంచులు కలిసేలా పరిచి, పైన పలక వేసి నొక్కాలి. మట్టికీ చాపకూ మధ్య గాలి ఉండకూడదు. మొదటి రెండు మూడు వారాలు రోజూ తడపాలి. ఆ తర్వాత మూల పట్టుకుని మెల్లగా లాగి చూడండి. రాలేదంటే వేళ్లు దిగాయన్నమాట. అక్కడితో రోజూ నీళ్లు ఆపేయాలి. మేం చేసిన మొదటి తప్పు ఇదే. ‘రోజూ నీళ్లు పెట్టండి బాబూ’ అన్నాడు గడ్డి వేసినాయన. ఎన్నాళ్లు అని మేం అడగలేదు!

కోత, మేత, తోడు

కోత: ఒకేసారి మూడోవంతు కన్నా ఎక్కువ కత్తిరించొద్దు. మూడంగుళాలు పెరిగితే రెండంగుళాలుంచాలి. బొత్తిగా గుండు గీసినట్టు కోస్తే ఎండకు మొదళ్లు మాడిపోతాయి, ఖాళీల్లో కలుపు మొలుస్తుంది. నీడలోని గడ్డిని ఇంకాస్త ఎత్తుగా ఉంచాలి. ఉన్న కొద్ది వెలుతురును పట్టుకోవాలంటే దానికి ఆకు కావాలి మరి. తడిగా ఉన్నప్పుడు కోయకూడదు. కత్తి పదునుగా ఉండాలి, లేకపోతే ఆకు చివర చీలికలై తెల్లబడుతుంది.

నీళ్లు: వేళ్లు దిగాక రోజూ చిలకరించడం కన్నా మూడు నాలుగు రోజులకోసారి బాగా తడపడం మేలు. పైపైన తడిపితే వేళ్లు పైపైనే తిరుగుతాయి. తడపడం పొద్దున్నే చేయాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే గుండ్రటి మచ్చలతో బూజు తెగులు వస్తుంది. మన ఉక్కపోతకు అది ఇంకా ఇష్టం. గడ్డి మీద నడిస్తే అడుగుల ముద్రలు లేవకుండా అలాగే ఉండిపోయాయంటే... దాహం వేస్తోందని అర్థం. అప్పుడు పెడితే చాలు.

ఎరువు: ఏడాదికి రెండుసార్లు చివికిన గెత్తాన్ని జల్లించి పలచగా చల్లితే చాలు. యూరియా వేయాలనుకుంటే వంద చదరపు అడుగులకు వంద గ్రాములు మించొద్దు. ఆకు ఆరి ఉన్నప్పుడు చల్లి వెంటనే తడపాలి. గడ్డి పసుపెక్కిన ప్రతిసారీ బలం తక్కువైందని కాదు. వానాకాలంలో పసుపెక్కితే ముందు వేలితో మట్టిని చూడండి. బురదగా ఉంటే బోదె తీయండి, ఎరువు సంచి ముట్టుకోవద్దు. మేం చేసిన రెండో తప్పు ఇది.

కలుపు: తుంగను పైన పీకితే లాభం లేదు. అడుగున గోలీల్లాంటి దుంపలుంటాయి. ఒకటి మిగిలినా మళ్లీ వస్తుంది. వాన పడి మట్టి మెత్తగా ఉన్నప్పుడు బొరిగెతో దుంపతో సహా తీయాలి. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు అంచులు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగానో బల్లపరుపుగానో ఉంటుంది. అదే గుర్తు.

వరద వస్తే: 2022 జులై వరదలు లంక గ్రామాలు ఇంకా మర్చిపోలేదు. నీళ్లు తీశాక గడ్డి మీద ఒండ్రు పేరుకుంటుంది. అది ఎండి పెచ్చు కట్టకముందే పలుగు చీపురుతో, నీళ్లతో మెల్లగా కడిగేయాలి. చివుళ్లు బయటికి కనిపించేలా చేస్తే గరిక జాతులు చాలావరకు తేరుకుంటాయి. అప్పటిదాకా దాని మీద నడవకుండా ఉంటే చాలు.

పురుగూ పుట్రా మాటేంటి?

‘ఇంటి ముందు గడ్డి పెరిగితే పురుగూ పుట్రా చేరతాయి’ అన్నది మన పెద్దవాళ్ల మాట. చాదస్తం అని కొట్టిపారేయకండి. కొబ్బరితోటలు, కాలువలు, ధాన్యం కోసం వచ్చే ఎలుకలు ఉన్నచోట పాములుంటాయి. అందుకే గుమ్మానికి దగ్గర్లో పొట్టి పచ్చికే ఉండాలి. వట్టివేరు, ఫౌంటెన్ గ్రాస్ లాంటి పొదల్ని నడిచే దారికి, పిల్లలు ఆడేచోటికి దూరంగా ప్రహరీ వైపు నాటుకోవాలి. పొద మొదట్లో ఎండుటాకులు ఎప్పటికప్పుడు తీసేయాలి. రాలిన మట్టలు, డొక్కలు పచ్చిక మీద కుప్ప పెట్టొద్దు. చీకట్లో పైపు తిప్పడానికి వెళితే టార్చి, చెప్పులు తప్పనిసరి. నిమ్మగడ్డి ఉంటే పాములు రావని కొందరు ధీమాగా ఉంటారు. ఆ నమ్మకం మీద పిల్లల్ని వదలొద్దు. గొడుగు తుంగ తొట్టిలో నీళ్లు పైకి తేలి ఉంటే దోమలు గుడ్లు పెడతాయి. తొట్టిని బురద మట్టితో నింపేస్తే ఆ బెడద ఉండదు.

అందంగా ఉందని దేన్ని పడితే దాన్ని తెచ్చుకోకూడదు కూడా. శరత్కాలంలో గోదావరి లంకల్లో రెల్లు పూస్తే వెన్నెల నేలకు దిగినట్టుంటుంది. కానీ దాన్ని పెరట్లో నాటితే నేలలోపల పాకి తోటంతా ఆక్రమిస్తుంది. దాని అందం లంకలోనే. ఆకుపచ్చ ఫౌంటెన్ గ్రాస్‌ను హవాయి దీవులకు అందం కోసమే తీసుకెళ్లారు. గింజలు గాలికి చెదిరి కొండలన్నీ పాకి, ఎండితే కార్చిచ్చులకు ఆజ్యమైంది. ఊదారంగు రకం సాధారణంగా మొలకెత్తే గింజలు ఇవ్వదు కాబట్టి ఇంటికి అదే మంచిది.

ఏ నెలలో ఏంటి?

జనవరి-ఫిబ్రవరి: ఎదుగుదల నిదానం. తక్కువ నీళ్లు, తక్కువ కోత. కొత్త చాపలు పరచడానికి ఫిబ్రవరి బాగుంటుంది, వానల్లోపు వేళ్లు దిగుతాయి.

మార్చి-మే: ఓసారి గెత్తం చల్లండి. కాలువలు కట్టేసే రోజులు, నీళ్లు పొదుపుగా వాడండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు కుండీలకు పోయొచ్చు.

జూన్-జులై: తొలకరి పడగానే దుబ్బులు నాటుకోవచ్చు. నిమ్మగడ్డి, వట్టివేరు దుబ్బులు విడదీసే సమయం.

ఆగస్టు-అక్టోబరు: బోదెలు పూడిపోకుండా చూడండి. యూరియా వద్దు. గడ్డిని కాస్త ఎత్తుగా ఉంచండి. తుంగ తీయడానికి ఇదే అదను.

నవంబరు-డిసెంబరు: తుపాన్లు వెళ్లాక రాలిన మట్టలు, ఆకులు వెంటనే ఎత్తేయండి. గుంతలు పడ్డచోట మట్టి, గెత్తం కలిపి సర్దండి. రెండో విడత గెత్తం ఇప్పుడే.

ఇంతకీ మా వాకిలి ఏమైందంటారా? టైల్స్ బేరం ఇంకా కుదరలేదు. నల్లబడ్డ చాపలన్నీ తీసేసి, ఆ మట్టిని అలాగే వదిలేశాం. వినాయక చవితి పొద్దున పత్రి కోసం బయటికి వెళ్లబోతుంటే మామ్మ పిలిచింది. వంగి, గేటు పక్కన ఎండ తగిలేచోట ఏదో తుంచుతోంది. చూస్తే గరిక! మేం కొనలేదు, నాటలేదు, నీళ్లు పోయలేదు. పోయిన గడ్డి స్థానంలో దానంతటదే అల్లుకుంది.

‘‘చూశావా... ఏది కావాలో నేలే చెబుతుంది. మనమే వినం’’ అంది దేవుడి గదిలోకి నడుస్తూ.

ఆ ఏడాది టైల్స్ రాలేదు. వానలు వెళ్లాక వాకిలి మెరక చేయించి బోదె తీశాం. ఎండ పడే సగం ఆ గరికకే వదిలేశాం. కొబ్బరిచెట్ల కింద వెడల్పాకు గడ్డి దుబ్బులు నాటాం. పంపు పక్కన గొడుగు తుంగ నిలబడింది. కొరియన్ గ్రాస్ ఇప్పుడు అరుగు మీద ఓ వెడల్పాటి తొట్టిలో పదిలంగా ఉంది. సాయంత్రాలు మామ్మ దాని పక్కనే కూర్చుని చేత్తో నిమురుతుంది.

డబ్బు పెట్టి కొన్నది కదా... ఊరికే పోనివ్వకూడదట!